రాని కన్నీళ్ళు

"అమ్మ పోతే కంట్లోంచి చుక్కయినా రాలదేంటి నీకు?"

నందిగామ నుంచి వస్తూనే తల్లి శవం ఉన్న ఐసుపెట్టె మీద పడి గొల్లుమన్న భారతీదేవి, తలెత్తి తమ్ముడి భార్యని నిలదీసింది. జగ్గయ్యపేటలోని ఆ ఇరుకు హాల్లో ఆడవాళ్ళందరి చూపులూ నీహారిక మీదకు తిరిగాయి.

నీహారిక కళ్ళు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు మండుతున్నాయి. ఎంత దుఃఖమొచ్చినా తడి ఊరడం లేదు.

"నా జబ్బు సంగతి మీకు తెలుసు గదా వదినా."

"తెలుసమ్మా. షోగ్రెన్స్ అంట. మన ఒళ్ళే మన మీద తిరగబడుద్దంట. కన్నీళ్ళూ ఉమ్మీ ఎండిపోతాయంట, కీళ్ళు వాస్తాయంట. నువ్వు మింగలేవని అమ్మ అన్నం మెత్తగా పిసికి, చారు పోసి పెట్టేదంటగా. అంత చేసిన మనిషి పోయినా రావా?"

నీహారిక ఐసుపెట్టె అద్దం మీద చెయ్యి ఆనించింది. నిన్న మధ్యాహ్నం కూడా పెట్టింది అత్తయ్య.

"రాయిలా కూర్చుంది చూడండి," పక్కింటి ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది.

గుమ్మంలో నిలబడ్డ భర్త సతీష్‌బాబు, "అక్కా, దాని కళ్ళు..." అని నసిగాడు.

"నువ్వూరుకోరా!"

అతను షామియానా వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మంట ఇక తట్టుకోలేక నీహారిక లేచింది. మోకాళ్ళు పట్టేస్తే గోడ పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది. వేళ్ళ కణుపులు వాచి కళ్ళమందు సీసా మూత ఓ పట్టాన రాలేదు. తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుంటుంటే సీసా గట్టిగా నొక్కుకుపోయి మందు ఎక్కువ పడింది. బుగ్గల మీదుగా కారుతుండగానే వచ్చి మళ్ళీ అత్తగారి పక్కన కూర్చుంది.

"అదుగో, ఏడుస్తోంది!" అన్నారెవరో.

ముసలావిడ జరిగి వచ్చి వీపు నిమిరింది. "ఏడువు తల్లీ, బరువు దిగుద్ది."

అది మందని చెబుదామని నోరు తెరిచింది నీహారిక. తడిలేని నాలుక అంగిటికి అతుక్కుని మాట పెగల్లేదు.

భారతీదేవి మాత్రం అరుపు ఆపి ఆమె ముఖంలోకే చూస్తోంది. కాసేపటికి లేచి, "ఇట్రా" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి తలుపేసింది. ఇంకేం అంటుందోనని నీహారిక బిక్కచచ్చిపోయింది.

"మందేగా అది?"

"అవును వదినా."

భారతీదేవి మంచమ్మీద కూలబడింది. తల వెనక్కి వాల్చి, కళ్ళు విప్పార్చి పైకప్పుకేసి చూస్తూ అంది:

"నాకూ రెండు చుక్కలెయ్యి. పొద్దుట్నుంచీ ఒక్కటీ రాలా. అరుస్తున్నానని ఎవరూ చూళ్ళేదంతే."