దిష్టిబొమ్మ నోట్లో గుండు

"నన్ను చంపబోయినాడమ్మా! రెండు జానలు కిందికి వచ్చి ఉంటే ఈపాటికి నా మెడలో మీరంతా మాల వేసి ఉంటారు!"

ఏడు కూడా కొట్టలేదు. సీతారామరాజా అరుపులకు రాజపాళయంలోని ఆ వీధి వీధంతా ఆయన వసారా ముందుకు వచ్చేసింది. ఆయన వేలు పెట్టి చూపిస్తున్నది చూరుకు వేలాడే దిష్టి గుమ్మడికాయని. మూడు నెలలుగా ఎండకు ఎండి, లోపల డొల్లయిపోయిన కాయ. దాని మీద గీసిన రాక్షసుడికి నిన్నటిదాకా ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి. ఈ పొద్దున రెండు లేవు, ఆ చోట కన్నం ఉంది. బుర్ర వెనక ఇంకో కన్నం.

కబురు విని వచ్చిన ఎస్సై భార్గవి ముఖం వెలిగిపోయింది. తుపాకి గుండు ఏ దారిన వచ్చిందో కనిపెట్టే విద్య మధురైలో మూడు రోజులు నేర్చుకుని, నిన్న సాయంత్రమే బస్సు దిగింది. నేర్చుకున్నది మరిచిపోయేలోగానే కేసు దొరికింది మరి.

"ఎక్కడ కూర్చోని ఉండినావు మామా?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే. వీధి చూస్తా కాపీ తాగుతా ఉండినాను. అదీ ఒక కాపీయా, కుడితి! ఆ మాట అన్నానో లేదో, నెత్తి మీద టప్పుమనింది."

"ఎవరి మీదైనా అనుమానం?"

"ఇంకెవరు? ఎదురింటి అళగర్సామే! మా కుక్క వాడి కోడిని పట్టిన దినం నుంచి నా మీద పళ్లు నూరుతా ఉండాడు. ఎయిర్‌గన్ కూడా పెట్టుకోని ఉండాడు."

అళగర్సామి లుంగీ ఎగ్గట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అది కోతులకమ్మా! తోపులో పంచవర్ణం మామిడి పక్వానికి వచ్చి ఉండాది. ఎనిమిదికంతా మంద కొండ దిగుతాది. నన్ను స్టేషన్‌లో కూర్చోబెడితే సాయంత్రానికి నాకు టెంకలే! ఆయన ఇంట మటుకు ఇట్లాంటి ఎయిర్‌గన్ లేదా?"

"మాది బీరువాలో భద్రంగా ఉండాదప్పా. తాళంచెవి నా పెళ్లాం ధనం నడుములో ఉంటాది. ఇన్నేళ్లలో ఇంకొకరి చేతికి పోలేదు, తెలుసునా!" అన్నాడు సీతారామ రొమ్ము విరుచుకుని.

"ఎవరూ చెప్పొద్దు. ఇక గుండే చెప్తాది," అంది భార్గవి. "అత్తా, ఒక ఊదుబత్తీ, పూలు కట్టే దారమూ ఇయ్యి."

ధనం రెండూ తెచ్చి ఇచ్చింది. పనిలో పనిగా మొగుడికి ఇంకో టంబ్లరు కాఫీ కూడా తెచ్చింది. సీతారామ ఒక గుక్క తాగి అందరి ముందూ మూతి తిప్పాడు.

"సేత్తూరులో మా అమ్మ కాపీ కలిపితే నాలుగో ఇంటికి వాసన పోతాండె."

ధనం లోపలికి వెళ్లిపోయింది.

భార్గవి ముక్కాలి పీట ఎక్కి, ఊదుబత్తిని వెనక కన్నంలోంచి దూర్చి రాక్షసుడి నోట్లోంచి బయటికి లాగింది. ఆ కొసకు దారం కట్టి వీధి మీదుగా తిన్నగా చాపింది. దారం పోయి పోయి అళగర్సామి మేడ పిట్టగోడను తాకింది.

"చూసినారా!" అన్నాడు సీతారామ.

"పోయింది నా తోపు!" అని అళగర్సామి అక్కడే చతికిలబడ్డాడు.

అంతలో కొండగాలి ఒకటి విసిరింది. దారం చేజారింది, గుమ్మడికాయ తాపీగా గిర్రున తిరిగింది. ఊదుబత్తి ఇప్పుడు పాలు పోయడానికి వచ్చిన పెరియసామిని చూపిస్తోంది. అతను క్యాను కింద పడేసి రెండు చేతులూ ఎత్తేశాడు.

"నేను పాలల్లో నీళ్లే వేసినాను తల్లీ, గుండు వేయలేదు!"

కాయ ఇంకొంచెం తిరిగింది. ఈసారి ఊదుబత్తి భార్గవి ముక్కుకే సూటిగా నిలబడింది. ఆమె గబుక్కున పక్కకు వంగి, తర్వాత సిగ్గుపడింది.

"ఈ లెక్కకు ఊరంతా జైలుకే మేడం," అన్నాడు అళగర్సామి ఏడవలేక.

గాలి ఆగింది. తాడు పురి విప్పుకుని, రాక్షసుడు ఎప్పటిలాగే వీధికి ముఖం పెట్టి నిలిచాడు. భార్గవి మళ్లీ పీటెక్కి కన్నాలను వేలితో తడిమి చూసింది. బుర్ర వెనక బఠాణీ గింజంత కన్నం, అంచులు లోపలికి వంగి ఉన్నాయి. నోటి దగ్గర రూపాయి బిళ్లంత కన్నం, అంచులు బయటికి చీలి ఉన్నాయి.

"మామా, ఈ బొమ్మని ఎప్పుడైనా ఇంటి వైపుకు తిప్పి కట్టినారా?"

"ఎవరైనా రాక్షసుణ్ణి ఇంట్లోకి చూసేట్టు కడతారా? దిష్టి వచ్చేది వీధిలోంచి కదమ్మా!"

"అయితే సరి. గుండు దూరే చోట కన్నం చిన్నది, బయటికి పోయే చోట పెద్దది. ఇది వెనక దూరి, నోట్లోంచి బయటపడింది. దారానికి ఇంకో కొస ఉండాది, అందరమూ దాన్ని మరిచిపోయినాము."

ఊదుబత్తి వెనక కొసకు దారం కట్టి ఇంటి వైపు చాపింది. దారం సీతారామ కుర్చీ పైనుంచి, ఆయన బట్టతలకు సరిగ్గా రెండు జానల ఎత్తున సాగి, హాలు కిటికీ ఊచల మధ్య ఆగింది.

అళగర్సామి లుంగీ దులుపుకుని లేచి తోపు దిక్కుకు పరుగెత్తాడు. టైము ఎనిమిది కావస్తోంది.

"లోపలనుంచా? లోపల ఎవరుండారు? ధనం తప్ప ఈగ కూడా లేదే!" అన్న సీతారామ, ఆ మాట తన చెవిన పడగానే నోరు మూసుకున్నాడు.

ధనం పొగలు కక్కే మూడో టంబ్లరు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. నడుములోంచి తాళంచెవి తీసి పీట మీద పెట్టి, భార్గవి చేయి ప్రేమగా పట్టుకుంది.

"నువ్వు చదువుకోని వచ్చిన పిల్లవి, నువ్వే చెప్పు తల్లీ. కిటికీ ఊచకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఈయన బట్టతల నడి మధ్యకే గురి పెట్టినాను, ఆ రెండు జానలు పైకి ఎట్ల పోయింది?"