గోడ మీది పేజీ

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? ఒక్కో అక్షరాన్నీ అలా తడుముతూ కూర్చుంటే తెల్లారినట్టే."

ఎడింబరోలోని ఆ అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి పేజీలు కూర్చే ఆడవాళ్ళ గదికి యూఫీమియా మేస్త్రీ.

తిట్లు తింటున్న ముసలామె గ్రిజెల్ మ్యూర్ చేరి మూడు వారాలైంది. అచ్చయిన పేజీలు విప్పి, సీసపు అక్షరాలను తిరిగి దేని గడిలో దాన్ని వేయడం ఆమె పని.

"చూపు ఆనదమ్మా. వేలికైతే తెలుస్తుంది."

"నా ప్రాణానికి దొరికావు."

చేతిలో ఉన్న ప్రసంగాల పుస్తకం తప్పుల్లేకుండా వెళ్ళకపోతే గదిని మగవాళ్ళకిచ్చేస్తానని యజమాని చెప్పేశాడు. పదకొండు మంది అమ్మాయిల పొట్ట మీద దెబ్బ.

"రాణిగారు దేశాన్ని ఏలొచ్చుగానీ మనం అక్షరాలు కూర్చకూడదట," అని యూఫీమియా రోజూ గొణుక్కునేది. "అదిగో, గోడ మీది పేజీ చూడు. అడుగున కూర్చినవాడి పేరు కూడా అచ్చేశారు, డంకన్ టెయిట్ అని. ఇన్నేళ్ళలో అందులో ఒక్క తప్పు పట్టినవాళ్ళు లేరు. మనల్ని దెప్పడానికే యజమాని దాన్ని అక్కడ తగిలించాడు."

గ్రిజెల్ తలైనా తిప్పలేదు. "అందులో ఒక తప్పుందమ్మా."

"చూపు ఆనదన్నావు, అది మాత్రం కనిపించిందా?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు గ్రిజెల్ దొరికిపోయింది. అమ్మాయిలు కూర్చిన పేజీని వేళ్ళతో తడుముతూ, ఒక అక్షరం పీకి ఇంకొకటి దూరుస్తోంది.

యూఫీమియా ఆమె చెయ్యి పట్టి లాగింది. పేజీ కాస్తా నేల మీద చెల్లాచెదురైంది.

"తప్పులుంటే దిద్దుతున్నానమ్మా. రోజూ..."

"ఇక చాలు తల్లీ, నీకో దండం. రేపటినుంచి రాకు."

గ్రిజెల్ ఏప్రన్ విప్పి మడతపెట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం యజమాని ప్రూఫులు బల్ల మీద పడేశాడు. నిండా ఎర్రసిరా.

"మూడు వారాలు మచ్చలేని పని చేశారు. ఈ వారం ఏం రోగమొచ్చింది మీకు? సోమవారం నుంచి మగవాళ్ళొస్తారు."

అప్పుడర్థమైంది యూఫీమియాకు. ఆమెను వెనక్కి తెస్తే గది నిలుస్తుందేమోనని గ్రిజెల్ అద్దెకున్న ఇంటికి పరుగెత్తింది.

"పొద్దున్నే ఓడెక్కిందిగా," అంది ఇంటావిడ. "కెనడాలో చెల్లెలి దగ్గరికి."

"ఈ పని ఆమె ఎక్కడ నేర్చుకుంది?"

"భలేదానివే. మొగుడు తాగి పడుంటే, అక్షరాల పెట్టెలు ఇంటికి తెప్పించుకుని వంటింట్లో ఇరవై ఏళ్ళు ఆవిడే కూర్చింది. కళ్ళు పోయింది అందుకే. పేరంతా ఆయనకొచ్చింది. ఆవిడ పుట్టింటి పేరే వాడేది కదా, మీకెలా తెలుస్తుంది?"

"ఆయన పేరు?"

"డంకన్ టెయిట్."

యూఫీమియా తిరిగొచ్చి గోడ మీది పేజీ ముందు నిలబడింది.

అందులో ఉన్న ఒకే ఒక్క తప్పు, అడుగున అచ్చయిన ఆ పేరు.