రెండో కొంగ రెక్క

రాయడం ఈ మధ్యే నేర్చుకుంటున్నాను, ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట పూర్తిగా వినడం లేదు. చెయ్యి కూడా నెమ్మది. తప్పులుంటే విసుక్కోకుండా దిద్దుకుని చదవండి.

"అయ్యో, కత్తెర పెట్టకమ్మా!"

రొట్టె కొనడానికి వచ్చిన పెద్దావిడ అంత గట్టిగా అరిచేసరికి కుట్టు కోయబోతున్న బేకరీ ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

మధ్యాహ్నం పూట బేరాలుండవు. ఆ వేళ ఆమె గల్లా పక్కన చెక్క చట్రం పెట్టుకుని జపాన్ కుట్టు కుడుతుంది. పట్టుగుడ్డ మీద రెండు కొంగలు.

మొదటి కొంగ ఆమె కుట్టింది కాదు. పాత సామాన్ల కొట్లో చట్రంతో సహా దొరికింది. దొరికినప్పుడే రెండో కొంగకి ఒక రెక్కే ఉంది.

ఆ రెండో రెక్క కోసమే ఏళ్లుగా తంటాలు. ఎన్నిసార్లు కుట్టినా పాత కుట్టు ఒకలా మెరుస్తుంది, కొత్తది ఇంకోలా. కుట్టడం, కోసి పారేయడం.

"ఈసారైనా అయిపోవాలండీ. మా అమ్మాయి కొత్తింట్లోకి వెళ్తోంది. దీనికోసం గోడ ఖాళీగా ఉంచింది," అంది బేకరీ ఆవిడ దిగులుగా.

"ఖాళీగా ఉంచి, క్యాలెండరు కూడా సిద్ధంగా పెట్టుకుంది," అంది పక్కన పూసలు గుచ్చుతున్న ఆమె వదిన.

"నువ్వు మాట్లాడకు వదినా. నీ పూసల దండ నీ పెళ్లినాడు మొదలెట్టింది, ఇంకా పూర్తవలేదు."

"నాది మెడలోకి. మెడ ఎక్కడికీ పోదు."

పెద్దావిడ నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"దారానికి నేను పురి పెట్టి ఇస్తాను. నువ్వు కుట్టు."

"మీకు ఈ పని వచ్చా?"

"మా ఆయన ఉన్న రోజుల్లో కుట్టేదాన్ని. ఆయన పోయి ఇల్లు మారినప్పుడు సామానంతా చెల్లాచెదరైంది. ఇప్పుడు సూది పట్టలేను, చేతులు వణుకుతాయి. పురికి వణుకు అడ్డం రాదులే."

రెండు పట్టుపోగులు అరచేతుల మధ్య రుద్ది, కలిపి వదిలింది. దారం తీగలా బిగిసింది.

ఆ రోజునుంచి రోజూ వచ్చేది. వదిన ఆవిడకి 'పురి పెద్దమ్మ' అని పేరు పెట్టింది.

"పాపం, ఊసుపోక వస్తోంది," అంది వదిన ఒకసారి, ఆవిడ వెళ్లాక.

"పోనీలే. నాకు దారం పని తప్పింది."

ఈక వెంట ఈక పడింది. ఈసారి మెరుపు కలిసింది! తన చెయ్యి తిరిగిందని బేకరీ ఆవిడ మురిసిపోయింది. వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఆ సంబరంలో ఒక వాయి బన్నులు మాడిపోయాయి.

ఆఖరి ఈక పూర్తయిన రోజు వదిన చప్పట్లు కొట్టింది. పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అమ్మాయ్, ఒక్క ముడి నన్ను వెయ్యనిస్తావా? రేపు చెల్లెలింటికి వెళ్లిపోతున్నాను."

"ఆ చేతులతోనా?" అంది వదిన.

"వెయ్యండి పెద్దమ్మా," అంది బేకరీ ఆవిడ, కాస్త భయంగానే.

కొంగ కాళ్ల దగ్గర, ఎడమ చేత్తో, చిన్న నీలం ముడి వేసింది. దాని పక్కనే తోకలా ఒరిగిన పొట్టి కుట్టు. రొట్టె తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అద్దం కట్టే అతను పాత చట్రం విప్పుతూ అడిగాడు.

"మీది ఎడమచేతి వాటమా అమ్మా?"

"కాదే. ఏం?"

"పాత కుట్టూ కొత్త కుట్టూ, పురి అంతా ఒకే వైపు తిరిగింది. ఎడమచేతి పురి. ఇదిగో, ఇది కూడా చూడండి."

ఇన్నాళ్లూ చెక్క కింద దాగిన గుడ్డ అంచు మీద, వెలిసిపోయిన చిన్న నీలం ముడి. పక్కనే తోకలా ఒరిగిన పొట్టి కుట్టు.

బేకరీ ఆవిడ ఆ ముడినీ, కొంగ కాళ్ల దగ్గరి ముడినీ మార్చి మార్చి చూసింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే చట్రంతో సహా ఇచ్చేసేదాన్ని కదా వదినా!"

"అందుకే చెప్పలేదేమో," అంది వదిన, వేళాకోళం మానేసి.

కొత్తింటి గోడ మీద ఇప్పుడు రెండు కొంగలూ ఎగురుతున్నాయి. క్యాలెండరు వంటింట్లోకి వెళ్లింది.

నిన్న బేకరీ ఆవిడ వెతుక్కుంటూ వచ్చి, మాడని బన్నులు నా చేతిలో పెట్టి, ఇదంతా చెప్పి వెళ్లింది.

— పురి పెద్దమ్మ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది చెల్లెలింట్లో.