పిలుపు కోసం కూర్చున్న గొరవంక

కొండమీద పుట్టిపెరిగిన గొరవంక ఒకటి మకాం మార్చి, కోళ్లూ పావురాలూ కిటకిటలాడే పట్నం పెరట్లోకి వచ్చిపడింది. వాళ్ల కొండమీద మర్యాద ఏమిటయ్యా అంటే, మూడుసార్లు పిలిస్తేగానీ ఎవరి తిండీ ముట్టరు. ఇక్కడేమో మూడు రోజులైనా ఒక్కరు పిలిస్తే ఒట్టు! పాపం, కడుపు మాడిపోతోంది. ‘నేనంటే వీళ్లకి గిట్టదు, పోతాను’ అనుకుని రెక్కలు విప్పింది.

"ఏమే, మా నూకలు నీ కంటికి ఆనలేదా? అంత టెక్కేమిటే?" అంది ముసలి కోడిపెట్ట.

"పిలవందే ఎలా వచ్చేది అత్తా?"

"ఓసి పిచ్చిమొహమా! మేం పిలిచేది చుట్టాల్నే. నువ్వు వచ్చిన రోజే ఇంటిదానివైపోయావనుకున్నాం కదే!"

గొరవంక ఒక్క గంతులో నూకల మీదికి దూకింది. "జరగవే, నా కాలు తొక్కేస్తున్నావ్!" అని పక్కనున్న పావురం రెక్కతో ఒక్క తోపు తోసింది.

ఆ తోపు తగిలాక గానీ గొరవంకకి ప్రాణం లేచిరాలేదనుకోండి!