బోర్డు మీది మనిషి

సభ గేటు దగ్గర ఆ మనిషిని చూడగానే పుష్పమ్మ గుర్తుపట్టింది.

"ఓ మధూ, జల్ది రా! బోర్డు మీది ముసలోడొచ్చిండు!"

ఊరి మలుపులో కంపెనీవాళ్లు పెట్టిన బోర్డు అది. తలపాగా చుట్టుకున్న రైతు, దోసిలి నిండా తెల్లటి పత్తితో నవ్వుతుంటాడు. కింద పెద్ద అక్షరాలు: 'సగం భూమి ఇచ్చాను. బతుకు మారింది.' పత్తి పండించే రైతు ముఖాన అంత నవ్వు ఎవరు చూశారు గనుక!

ఆ కంపెనీ మొదటి బొగ్గు కరెంటు ప్లాంటు గద్వాల దిక్కున నడుస్తోంది. రెండోది ఇక్కడ, పెద్దమందడి పక్కనున్న ఈ ఊళ్లో కడతామంటోంది. కడితే గోడ లేచేది పుష్పమ్మ చేను గట్టు మీదే. ఊరి అభిప్రాయం రాసుకోవడానికి ఇవాళ సర్కారు పెద్ద సారు వస్తున్నాడు. కంపెనీ కిరాయి మనుషులు లోపలికి దూరకుండా ఆడవాళ్లంతా గేటు కాస్తున్నారు.

ఇప్పుడు ఆ బోర్డు ముఖం ఎదురుగా ఉంది. నవ్వు లేదు. చెంపలు లోపలికి పోయాయి. చంకలో చిన్న గుడ్డ మూట.

"ఎవరు పంపిండ్రు నిన్ను?" మధు అడ్డం నిలబడ్డాడు. ఊరి పోరాట కమిటీకి అతనే పెద్ద.

"ఎవరూ పంపలే బిడ్డా. నేనే వచ్చిన. నా పేరు మాసయ్య." దగ్గు తెర ఒకటి వచ్చి పోయింది. "జర మైకు కాడికి పోనియ్యిండ్రి. ఒక్క మాట చెప్పి పోత."

"నీ మాట రోజూ చూస్తనే ఉన్నం గద, బోర్డు మీద!" అంది పుష్పమ్మ.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"గది కాదు చెల్లె... నా గొంతు లేస్తలేదు. మైకులైతే ఇనపడ్తది."

"కంపెనీ మనుషులు గో బ్యాక్!"

నినాదాల్లో అతని మాట మునిగిపోయింది. మూట ముందుకు చాపాడు.

"ఇదన్న సారుకు చూపియ్యి. నీకు పుణ్యముంటది."

"ఏం, పైసలు పంచనీకె తెచ్చినవా?"

పుష్పమ్మ మూట లాక్కుని, గేటు పక్కన విడిచిన చెప్పుల గుట్ట మీదికి విసిరేసింది. రెండు చేతులా అతన్ని వెనక్కి నెట్టింది. తలపాగా జారి కింద పడింది.

మాసయ్య వంగి తీసుకున్నాడు. మట్టి దులుపుకున్నాడు. దగ్గుకుంటూ బస్టాపు వైపు నడిచాడు.

పుష్పమ్మకు ఊరిని కాపాడినంత సంబరమైంది.

సభ మొదలైంది. మైకు ముందు పుష్పమ్మ కూడా మాట్లాడింది.

"బూడిద పడ్తది సారూ. మా పంటలు మసైతయి. మేమేం తిని బతకాలె?"

"అదంతా అపోహ. మా మొదటి ప్లాంటు చుట్టూ పంటలు పచ్చగా ఉన్నాయి" అన్నాడు కంపెనీ మేనేజరు.

సారు ఊరివాళ్ల వైపు తిరిగాడు. "మరి అక్కడి రైతులెవరైనా వచ్చారా? ఒక్కరు వచ్చి చెప్పినా రాసుకుంటాను."

ఎవరూ లేవలేదు. మధు తల వంచుకున్నాడు. అతను ముందే ఆ మొదటి ప్లాంటు ఊరికి పోయి అడిగొచ్చాడు. కంపెనీకి భయపడి ఒక్కరూ రామన్నారు.

సారు కాగితాలు సర్దుకున్నాడు. కారు వెళ్లిపోయింది.

షామియానా విప్పుతుంటే జయపాల్ వచ్చాడు. కంపెనీకి భూములు మాట్లాడిపెట్టేది అతనే.

"పుష్పక్కా, బోర్డు మీదుంటడు చూడు, మాసయ్య, గిటు గిట్ల వచ్చిండా? పొద్దటి సంది ఎతుకుతున్నం."

"మీరే గద పంపింది?"

"మేమెందుకు పంపుతం? మైకు కాడికైతే రాలేదు గద?"

"రాలే. గేటు కాడికెల్లే నెట్టేసిన."

జయపాల్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించినవక్కా!"

పుష్పమ్మ గేటు పక్కన చెప్పులు విడిచిన చోటికి ఉరికింది. మూట అక్కడే ఉంది, తొక్కుళ్లు పడి.

ముడి విప్పింది. పత్తి. బోర్డు మీద ఉన్నంతే, దోసిలెడు. పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉంది. ముట్టుకుంటే వేళ్లకు బూడిద అంటింది.

బస్టాపు వైపు చూసింది. గద్వాల బస్సు ఎప్పుడో పోయింది.

సారు అడిగిన ఆ ఒక్క రైతును, ఈ చేతులే వెనక్కి నెట్టాయి.