బియ్యంలో రాసిన పేరు

"నీ పేరు మీద ఇరవై ఎకరాలున్నయ్. రేషన్ కార్డు ఎట్లొస్తది?" అంటూ గుమాస్తా పొలం కాగితం నకలు చేతిలో పెట్టాడు.

డ్రైవర్ చంద్రమౌళి దాంతో జూబ్లీహిల్స్‌లో తన యజమాని దగ్గరికొచ్చాడు.

"సీలింగు చట్టం వచ్చినప్పుడు మా పొలం నీ పేర్న పెట్టాంలేరా," అన్నారు అయ్యగారు.

"మీ పేర్న మార్పించుకోండయ్యా. నాకు కార్డు కావాలి."

"మారిస్తే గవర్నమెంటు లాక్కుంటుంది. ఉండనీ."

చంద్రమౌళి అలాగేనంటూ నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి తన పేరు రాసింది ఈయనే. పాలేరు కొడుక్కి అయ్యగారే పేరు పెట్టారని నాన్న ఎలమంద చచ్చేదాకా చెప్పుకుని మురిసేవాడు.

గేటు దగ్గర ఆగి నకలు మళ్ళీ చదివాడు. పట్టాదారు: ఎలమంద కొడుకు చంద్రమౌళి. రిజిస్ట్రేషన్: 1974.

చంద్రమౌళి పుట్టింది 1976లో.