ఓదెలు తాత చావు

"ఇంట్లో ఎవరైనా పోతేనే సెలవు. అమెరికా కంపెనీల్లో అంతే," అన్నాడు రామ్మోహనరావు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు అమ్మే దుకాణం ఆయనది. అమెరికా పద్ధతులన్నీ విని, జీతాల సంగతి వదిలేసి ఈ ఒక్క రూలు తెచ్చుకున్నాడు. ఒకే ఇంటిపేరున్న మనిషి పోతే మూడు రోజులు జీతం కోయరు. ఇంక దేనికి పనికి రాకపోయినా నౌకరీ పోయినట్టే.

ఏదో పనుందని సెలవడిగిన ల్యాబ్ ఇన్‌చార్జి రాజనర్సయ్య మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. తలుపు పక్కన నిలబడి విన్న, జనరేటర్ నడిపే హనుమాండ్లుకు మాత్రం దారి దొరికింది. ఎల్లుండి బావమరిది పెళ్లి. పోకపోతే భార్య బుచ్చమ్మ బతికున్నన్నాళ్లూ దెప్పుతుంది.

మిర్చి బజ్జీ తిన్న చేత్తో కళ్లు తుడుచుకుని లోపలికి పోయాడు.

"మా చిన్నతాత ఓదెలు పోయిండు, సార్."

"మీ ఇంటిపేరేనా?"

"బొల్లం ఓదెలు, సార్. పక్కా."

ఓదెలు అనే తాత హనుమాండ్లుకు ఏ జన్మలోనూ లేడు. రామ్మోహనరావు తలూపేలోగా వెనక దబ్బున చప్పుడైంది. గుమ్మంలో రాజనర్సయ్య కూలబడ్డాడు.

"ఓదెలు కాక పోయిండా?"

ఇద్దరూ బొల్లం వాళ్లేనని హనుమాండ్లుకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకే ఇంటిపేరంటే పాలోళ్లు, దాయాదులు. ఒకరు పోతే అందరికీ మైల, కబురు వినగానే నెత్తిన నీళ్లు పడాలి. రాజనర్సయ్య వరండాలోని మంచినీళ్ల డబ్బా ఎత్తి, బట్టలతోనే గుమ్మరించుకున్నాడు. జావా నేర్చుకునే పిల్లలు పాఠం ఆపి చూశారు. ఆ నెలలో వాళ్లకు అర్థమైంది అదొక్కటే.

ఇద్దరూ పోతే ల్యాబ్ నడిచేదెట్లా? ఎవరు దగ్గరి చుట్టమో చెప్పమన్నాడు రామ్మోహనరావు.

"నేను కొడుకు వరుస, సార్. వీడు మనుమడు," అన్నాడు రాజనర్సయ్య, నీళ్లోడుతూ. "నన్ను ఎత్తుకొని పెంచిండు."

కొడుక్కే సెలవు దొరికింది. ఆ తాతే లేడని చెబితే ఉన్న నౌకరీ ఊడుతుంది గనుక హనుమాండ్లు నోరు మూసుకున్నాడు. చావింట్లో పెట్టాలంటూ రాజనర్సయ్య పంజాగుట్టలో కొత్త బట్టలు కొనుక్కుని బస్సెక్కాడు. బావమరిది తాళి కట్టే వేళకు హనుమాండ్లు జనరేటర్‌లో డీజిల్ పోస్తున్నాడు.

రాజనర్సయ్య ఎర్రబడ్డ కళ్లతో, బొంగురుపోయిన గొంతుతో తిరిగొచ్చాడు. ఎట్లయిందని హనుమాండ్లు భయంభయంగానే అడిగాడు.

"మస్తుగ అయింది, బిడ్డా. మంది బాగొచ్చిండ్రు. బ్యాండు పెట్టిండ్రు. మటన్ల జర ఉప్పెక్కువైంది గని, ఎవ్వరు ఏమనలే. నిన్ను సుత అడిగిండ్రు."

తను పుట్టించిన తాతకు అంతమంది ఎక్కణ్నుంచి వచ్చారు? ఓదెలు నిజంగానే ఒకడున్నాడేమో, తన నోటి చలవతోనే పోయాడేమో. హనుమాండ్లు ఇంటికి పోయి తనూ నెత్తిన బిందెడు నీళ్లు పోసుకున్నాడు.

బుచ్చమ్మ అతనితో మాటలు మానేసింది. పెళ్లి క్యాసెట్ వచ్చిన రోజే నోరు తెరిచింది, అదీ దెప్పడానికే. టీవీలో బరాత్ నడుస్తోంది.

"గా ముందల ఎగురుతున్నాయన పెండ్లిపిల్ల మేనమామ. ఆయనది సుత నీ లెక్క నౌకరే. ఏం తిప్పలు పడ్డడో, వచ్చిండు."

హనుమాండ్లు టీవీకి దగ్గరగా జరిగాడు.

ఎగురుతున్నది రాజనర్సయ్య.